రోసీకి లొంగని ఎర్ర బండి

మోటోజీపీలో ఆదివారం ఎవరు ఏ వరుస నుంచి బయల్దేరాలో శనివారం నాటి క్వాలిఫయింగ్ తేలుస్తుంది. 2011లో దానికి ఇచ్చింది ఒక్క గంట. రైడర్ కొన్ని చుట్లు తిరిగొచ్చి, ఏ మలుపులో బండి ఎలా మొరాయించిందో చెప్పాలి. మెకానిక్‌లు ఫోర్కు స్ప్రింగులు మార్చి, వెనక సస్పెన్షన్ సవరించి మళ్లీ పంపాలి. చివర్లో మెత్తటి టైరు బిగించుకుని ఒకటి రెండు చుట్లలోనే సత్తా చూపాలి. సెటప్ కుదరకపోతే ఆ గంట ఇట్టే అయిపోతుంది.

ఇలాంటి చిక్కుముడులు విప్పడంలో వాలెంటీనో రోసీకి గొప్ప పేరుండేది. 2004లో హోండాను వదిలి యమహాకు మారినప్పుడు దక్షిణాఫ్రికాలో తొలి రేసే గెలిచాడు, ఆ ఏటి టైటిలూ పట్టాడు. వెన్నంటి ఉన్నది ఆస్ట్రేలియాకు చెందిన చీఫ్ మెకానిక్ జెరెమీ బర్జెస్. ఆ జోడీ 2011 సీజన్ కోసం డుకాటీకి వచ్చింది. ఇటలీ బండి మీద ఇటలీ వీరుడు! అభిమానులు అంతకన్నా ఏం కోరుకుంటారు?

కానీ తొలి పరీక్షలోనే తేడా తెలిసింది. 2010 నవంబరులో వాలెన్సియాలో రోసీది 15వ స్థానం. భుజం గాయం ఒక కారణమే, అసలు జబ్బు మాత్రం బండిలో ఉంది. మలుపులోకి వంగేటప్పుడు ముందు టైరుకు పట్టు ఎంత మిగిలిందో రైడర్ చేతులకు తెలియాలి. ఆ కబురు డుకాటీ హ్యాండిల్ దాకా వచ్చేది కాదు. అది తెలియని రైడర్ బ్రేకు కాస్త ముందే వేస్తాడు, బండిని కాస్త తక్కువగా వంచుతాడు. మలుపు మలుపుకీ రవ్వంత చొప్పున సమయం పోతుంది.

ఎందుకిలా? సిలిండర్లు 90 డిగ్రీల కోణంలో ఉన్న ఆ ఇంజిను పొడుగు ఎక్కువ. దాన్ని ముందుకు జరిపి ముందు చక్రం మీద బరువు పెంచుదామంటే చోటు లేదు. పైగా అందరిలా అల్యూమినియం ఫ్రేము కాదు, ఇంజిన్నే ఆధారం చేసుకుని కట్టిన కార్బన్ ఫైబర్ నిర్మాణం. స్ప్రింగులు మార్చితే తీరే లోపం కాదది. అయినా అంతకుముందు డుకాటీ నడిపిన కేసీ స్టోనర్ అదే తరహా బండి మీద రేసులు గెలిచాడు కదా అన్న విమర్శ రోసీని వెంటాడింది. అందులో నిజం ఉంది. టైరు చెప్పకపోయినా నమ్మి దూకే తీరు స్టోనర్‌ది. తెలుసుకుని అడుగేసే తీరు రోసీది. చేతగానితనం కింద దాన్ని జమకట్టడం అన్యాయం.

జూలైలో జర్మనీలోని సాక్సన్‌రింగ్ క్వాలిఫయింగ్‌లో రోసీది 16వ స్థానం. ఏడుసార్లు అగ్రశ్రేణి విజేత అయినవాడు వరుసల అడుగున నిలబడ్డాడు. పిట్ నుంచి కదిలే ముందు బండి పక్కన ఒదిగి కూర్చుని, కుడి ఫుట్‌పెగ్ పట్టుకుని తల వంచడం అతని అలవాటు. ఆ అలవాటు మారలేదు, ఫలితమూ మారలేదు. సెప్టెంబరులో అరగాన్‌లో ముందు భాగానికి అల్యూమినియం ఫ్రేము తెచ్చారు. అయితే ఏడాదికి ఆరు ఇంజిన్లే వాడాలన్న నియమం దాటి ఏడోది తీసుకోవాల్సి వచ్చింది. దానికి శిక్షగా పిట్ లేన్ నుంచి బయల్దేరి పదో స్థానంలో ముగించాడు.

రెండు సీజన్లలో దక్కింది మూడు పోడియంలు. గెలుపు లేదు, పోల్ పొజిషన్ లేదు. 2013లో రోసీ యమహాకు తిరిగెళ్లి అసెన్‌లో గెలిచాడు. ఆ ఏడాది చివర్లో జీజీ డల్లిన్యా వచ్చి డుకాటీ సాంకేతిక పగ్గాలు పట్టాడు. స్టోనర్ 2007లో తెచ్చిన టైటిల్ తర్వాత ఆ కంపెనీకి మరో రైడర్ టైటిల్ దక్కింది 2022లో, బన్యాయా చేతుల మీదుగా. అతను రోసీ అకాడమీలో తయారైనవాడే. 2023 సెప్టెంబరులో మన గ్రేటర్ నోయిడాలో జరిగిన రేసులో పోల్ సాధించి, ఆదివారం గెలిచిన మార్కో బెజ్జెక్కీ కూడా రోసీ సొంత జట్టులో డుకాటీ నడిపినవాడే.