ముద్ర చెరిగింది, మన చూపు మారిందా?



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగారు. మన ఆటపాటల గురించి రాద్దామనుకున్నాను. కానీ దానికంటే ముందు నా తప్పు ఒకటి మీకు చెప్పాలి.

నేను సుగాలి తాండాలో పుట్టాను. టీచర్ ట్రైనింగ్ చేసి గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా చేరాను. చేరిన కొత్తలో ఒక పిల్లవి రెండు వందల రూపాయలు పోయాయి. అందరి ట్రంకు పెట్టెలూ వెతకాలనుకున్నాను. ఎవరూ ఏమీ చెప్పకుండానే నా చెయ్యి మొదట ఒక ఎరుకల పిల్ల పెట్టె మీదికి పోయింది. అందులో ఏమీ లేదు. సాయంత్రానికి ఆ డబ్బు పోగొట్టుకున్న పిల్ల లెక్కల నోట్సులోనే దొరికింది. నేను తప్పయిందని చెబితే, "పర్వాలేదు మేడమ్, ముందు మాదే చూస్తారని తెలుసు" అంది ఆ ఎరుకల పిల్ల. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయింది. మళ్లీ రాలేదు.

నేనూ గిరిజన బిడ్డనే. మరి ఆ చూపు నాకు ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్న చరిత్రనే మీతో పంచుకుంటున్నాను.

ఉప్పు బస్తాల నుంచి పోలీసు రిజిస్టరు దాకా

ఒకప్పుడు ఎరుకలవాళ్లు సముద్రతీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు. మా సుగాలీలు ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం మోసేవాళ్లు. వీళ్లు రాకపోతే చాలా ఊళ్లలో కూరలో ఉప్పు ఉండేది కాదు. 1856లో మద్రాసు నుంచి ఆర్కాటు వైపు రైలు నడిచింది. ఆ తర్వాత రైలు పట్టాలు పెరిగేకొద్దీ ఎద్దుల బేరం తగ్గిపోయింది. ఉప్పు ప్రభుత్వం గుప్పిట్లోకి పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవికీ కంచె పడింది.

బతుకుదెరువు పోయి ఊరూరా తిరిగేవాళ్లను చూస్తే దొరలకు అనుమానం. 1871లో ఉత్తర భారతంలో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. మన చిత్తూరు జిల్లా పుట్టింది కూడా ఆ సంవత్సరమే. ఒక తెగను ఆ జాబితాలో చేర్చితే, ఆ తెగ మనిషి ఏ తప్పూ చేయకపోయినా పోలీసు రిజిస్టరులో పేరు ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, హాజరు చెప్పుకోవాలి. నేరం మనిషిది కాకుండా పుట్టుకది అయిపోయింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. ఆ ఊరి పేరును ఇప్పటికీ సినిమాల్లో దొంగతనానికి మారుపేరుగా వాడుతున్నారు. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు.

నెల్లూరు వైపు యానాదులలో కొందరికీ ఆ ముద్ర వేశారు. విచిత్రం ఏమిటంటే, పంటకు రాత్రి కావలి ఉండమని రైతులు పిలిచేది యానాదులనే. పాము కరిస్తే, వేరు మందు కావాలంటే పోయేదీ వాళ్ల దగ్గరికే. ఒక చేత్తో కావలి అప్పగించి, ఇంకో చేత్తో దొంగ అని రాసుకున్నారు.

పిల్లలను విడదీసిన చట్టాలు

వార్డెన్‌గా నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇది. 1897లో ఆ చట్టాన్ని సవరించి, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి సంస్కరణ కేంద్రాల్లో ఉంచే వీలు కల్పించారు. ఆస్ట్రేలియాలో కూడా అక్కడి ఆదివాసీ పిల్లలను ప్రభుత్వమే ఇళ్ల నుంచి తీసుకుపోయింది. దొంగిలించిన తరాలు అని వాళ్లను ఇప్పుడు పిలుస్తారు. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో వాళ్లకు క్షమాపణ చెప్పారు.

మన హాస్టళ్లు అలాంటివి కావు. చదువు కోసం తల్లిదండ్రులే పంపుతారు. అయినా పిల్ల ఇంటి భాష మాట్లాడితే మేం నవ్వినా, ఎలుకలు తింటారని పక్క పిల్లలు ఎగతాళి చేస్తుంటే మేం ఊరుకున్నా, ఆ పాత చట్టం పనే మేం చేసినట్టు.

రద్దయ్యింది, కానీ...

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అందుకే ఆగస్టు 31 విముక్త జాతుల దినం. దాని రద్దు కోసం పోరాడినవారిలో నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఒకరు. ఆయన గిరిజనుడు కారు. యానాదుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు, 1962లో వాళ్ల గురించి పుస్తకం రాశారు. తోడు నిలవడమంటే ఏమిటో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

అయితే ఆ చట్టం పోయినా అలవాటుగా నేరం చేసేవాళ్ల పేరుతో వేరే చట్టాలు వచ్చాయి. జైళ్ల నియమాల్లో విముక్త జాతులపై మిగిలిన వివక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న. అంటే రద్దు తర్వాత 72 ఏళ్లకు.

ఇంకొకటి కూడా గుర్తు పెట్టుకోండి. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్ ఎగిరినప్పుడల్లా మిద్దె మీదికెక్కి చప్పట్లు కొడతాం. కొట్టాలి కూడా. 1969లో ఆ ద్వీపాన్ని ఎంపిక చేయకముందు అది యానాదుల ఇల్లు. చాలా కుటుంబాలు అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది. ఆ మాట కూడా మన పిల్లలకు చెప్పాలి.

మనం చేయగలిగింది

మనలో కొన్ని తెగలకు చదువు, ఉద్యోగం ముందు అందాయి. మా సుగాలీలలో చాలామందికి అందింది. యానాదులలో ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం లేనివాళ్లు ఇంకా ఉన్నారు. ముందుకు వచ్చినవాళ్లు వెనక ఉన్నవాళ్లకు తోడు కావాలి. ఎలాగంటే:

తెగ పేరును తిట్టుగా ఎవరు వాడినా అక్కడే ఆపండి. నవ్వి ఊరుకోకండి.

ఆఫీసుకు తోడు పొండి, ఫారం నింపండి. కానీ మాట్లాడాల్సింది వాళ్లు. వాళ్ల బదులు మీరు మాట్లాడకండి.

వేదిక మీద ఆట ఆడించి దండ వేసి పంపేయకండి. ఇంటి స్థలం పట్టా కోసం తిరిగే రోజు కూడా వెంట ఉండండి.

పెద్దవాళ్ల దగ్గర కూర్చుని మీ ఊరి కథ అడగండి. వాళ్లు సరే అంటే రాసుకోండి.

ఇప్పుడు మా హాస్టల్లో ఏదైనా వస్తువు పోతే ముందు నా గదిలో బీరువా తెరిచి చూపిస్తాను. పిల్లల పెట్టెలు వాళ్లే తెరుస్తారు, వరసగా, అందరివీ.

ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఈ సంచిక ఫోన్లలో తిరిగేది కాబట్టి ఏదో ఒక రోజు తన చేతికీ చేరవచ్చు. అమ్మా, ఆ రోజు నీ పెట్టె ముందు తెరిచింది నేనే. నీ తప్పు ఏమీ లేదు. నన్ను క్షమించు.