తుంగభద్ర పందొమ్మిదో గేటు: పాతబడిన కట్టడం, కాపాడే నేర్పు

తుంగభద్ర ఆనకట్టకు మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1945లో శంకుస్థాపన చేశాయి. 1953లో నీరు విడుదలైంది. కర్ణాటకతో పాటు రాయలసీమ, పాలమూరు ఆయకట్టుకూ ఇదే ఆధారం. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి, 33 గేట్లలో 19వది కొట్టుకుపోయింది. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో, ప్రవాహం సాగుతుండగానే కార్మికులు ఉక్కు పలకలు దించి వారంలో ఆ ఖాళీని మూశారు.

రాతిగోడ చెక్కుచెదరలేదు, కదిలే ఉక్కుభాగమే విఫలమైంది. అప్పుడు ఆదుకున్నది ఒక తరం సంపాదించిన అనుభవం. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం వర్షాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలను తప్పనిసరి చేసింది. అయితే తనిఖీ లోపాన్ని చూపగలదు గాని, వరదనీటిపై క్షేమంగా పనిచేసే నేర్పును ఇవ్వలేదు. ఆ నేర్పును శిక్షణగా మలచి తర్వాతి తరానికి అందించడం కూడా నిర్వహణలో భాగమేనని ఈ ఘటన రుజువు చేస్తుంది.