పున్నమి ఎవరిది?

మా అయ్య డప్పు కొట్టి పండుగ చాటేవాడు. బొడ్రాయి పండుగ ఏ నాడో, ముత్యాలమ్మ బోనం ఏ నాడో ఊరికి తెలిసేది ఆయన డప్పుతోనే. కానీ ఆ రోజు ఖాయం చేసేటప్పుడు మా అయ్యను ఎవరూ అడగలేదు. ఉగాది నాడు పంతులు అరుగు మీద పంచాంగం చదువుతుంటే మా వాళ్లు దూరంగా వేపచెట్టు కింద నిలబడి వినేవాళ్లు. తిథి వాళ్లది, డప్పు మాది.

మాది టేకులపల్లి. ఇటు ఇల్లెందు బొగ్గు, అటు భద్రాచలం అడవి. అయ్య గుడికి వచ్చేవాడు కాదు. అమ్మ మాత్రం ఏసయ్యను నమ్ముకుంది. ఆమెకు చదువు లేదు. అయినా ఈస్టర్ ఎప్పుడని అడిగితే చెప్పేది: "ఇప్పపువ్వు రాలుతుంది, చంద్రుడు నిండిండు. ఇగ వచ్చే ఆదివారమే బిడ్డా." ఆ తెల్లవారుజామున బొందలగడ్డకు పోయి మా తాత సమాధి మీద కొవ్వొత్తి వెలిగించేవాళ్లం. పొద్దెక్కితే ఆమె కూలికి పోయేది. పండుగైనా కూలి కూలే.

ఆరో తరగతిలో ఒక సారు నన్ను నిలబెట్టి అడిగాడు: "ఏరా, మీ పండుగ ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్‌లో. మీకు తిథీ వారం లేదా?" క్లాసంతా నవ్వింది. నాకు జవాబు రాలేదు. ఇంట్లో నేనే మొదటి డిగ్రీ. బి.ఇడి. చదివేటప్పుడు గానీ ఆ జవాబు వెతుక్కోలేదు.

వెతికితే తెలిసింది, మాకు తిథి ఉంది. బైబిలులో లేవీయకాండం 23వ అధ్యాయం పండుగల పట్టికే. మొదటి నెల పద్నాలుగో నాటి సాయంకాలం పస్కా. అంటే నిండు చంద్రుడు. ఆ నెల పాత పేరు ఆబీబు, అంటే పచ్చి యవల వెన్ను. ఫరో కింద వెట్టి చేసినవాళ్లు విడుదలైన నెల అది. ఆకాశంలో చంద్రుణ్ణి, చేలో వెన్నును చూసి పెట్టుకున్న పండుగ. అమ్మ ఇప్పపువ్వును చూసినట్టే.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. అందుకని యూదులు 19 ఏళ్లలో ఏడు నెలలు అదనంగా కలుపుతారు. మన పంచాంగంలో అధికమాసం అదే పని చేస్తుంది. క్రీ.శ. 325లో నైసియా సభ ఈస్టర్‌ను అన్ని సంఘాలూ ఒకే ఆదివారం చేయాలంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం అనే లెక్క స్థిరపడింది. కాబట్టి ఈస్టర్ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2024నే చూడండి. మార్చి 25 కాముని పున్నమి. 31న ఈస్టర్ వచ్చింది. యూదులకు ఆ ఏడు అదనపు నెల పడింది కనుక వాళ్ల పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైంది. తెల్లవారితే మన చైత్ర పున్నమి. మరుసటి ఏడు, 2025లో, చైత్ర పున్నమి నాడే పస్కా, ఆ పక్క ఆదివారం ఏప్రిల్ 20న ఈస్టర్. పంతులు చూసే చంద్రుడూ, పాస్టరయ్య చూసే చంద్రుడూ ఒక్కడే.

అయితే మా చరిత్రలో అసలు కొట్లాట పున్నమి మీద కాదు, ఆదివారం మీద. 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. ఒంగోలు ప్రాంతంలో పల్లె పల్లె తిరిగి చెప్పినవి మూడు మాటలు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఏడు రోజులూ దొరకు దఖలైన మనిషి ఒక రోజు నాదన్నాడు. జాతరలో డప్పు కొట్టనన్నాడు. దానికి దెబ్బలు తిన్నారు, మాదిగలు. అయినా కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మాకు దగ్గరి దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన అజరయ్య పల్లె సంఘాల్లో కోత పండుగలు చేయించాడు. వడ్లు పండించే కూలీ తన గింజలు తానే గుడికి తెచ్చి పెట్టాడు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు ఇంకా ముందుకు పోయాయి. యాకోబి సోదరుల వెంట నడిచి, 1990ల మొదట్లో సమాజమందిరం పెట్టుకుని, తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమన్నారు. శనివారం విశ్రాంతి, పస్కా, పర్ణశాలల పండుగ పాటిస్తున్నారు. పెద్దకూర తినడం, శవాన్ని పాతిపెట్టడం ఊరు అంటు అన్నది. వాళ్లు అదే మా పూర్వీకుల గుర్తు అన్నారు. ఆ వంశం నిజమా కాదా అని తేల్చడం నా పని కాదు. మాకంటూ ఒక కాలం కావాలన్న ఆకలి మాత్రం నిజం.

ఇక నా సంగతి. నా సర్టిఫికెట్‌లో హిందూ మాదిగ అని ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ తలుపు తీశారు. క్రైస్తవుడైన మాదిగ బి.సి.-సి. గుడికి పోయినవాణ్ణి కూడా ఊరు మాదిగవాడనే అంటుంది, కాగితం మాత్రం అనదు. ఆ కాగితంతోనే నాకు ఈ ఉద్యోగం. ఈస్టర్ ఆదివారమే గనుక సెలవు చీటీ రాయనక్కర లేదు. స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా "నిన్న ఎటు పోయినవ్ సార్?" అంటే మాట మారుస్తాను. తేదీ లెక్క కట్టడం వచ్చింది, పండుగ నాదని చెప్పడం రాలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అమ్మకు ఆ బాధ లేదు. పొద్దున లేచి దండం పెట్టుకుంటుంది, తునికాకు యాభై ఆకుల కట్ట కడుతూ పాట పాడుకుంటుంది, పక్కింటి కోయ ముసలమ్మకు జ్వరమొస్తే గంజి పట్టుకు పోతుంది. ఆమెకు విశ్వాసం ఏడాదికొక్క రోజు వచ్చేది కాదు.

ఇప్పుడు నా బడిలో కోయ పిల్లలు, లంబాడా పిల్లలు, మా వాడ పిల్లలు ఉన్నారు. నెలవంక నుంచి పున్నమి దాకా రోజూ చంద్రుణ్ణి చూసి బొమ్మ గీసుకు రమ్మంటాను. అధికమాసం ఎందుకొస్తుందో వాళ్లే లెక్క కట్టి చెబుతారు. నన్ను అడిగినట్టు రేపు వాళ్లను ఎవరూ నిలబెట్టి తిథి ఉందా అని అడగలేరు. అడిగినా జవాబు చెబుతారు. వేపచెట్టు కింద నిలబడి కాదు, బోర్డు ముందు నిలబడి.