ఆట మా ఇంటికొచ్చిన దారి

మొన్న ఆదివారం మా ఇంట్లో ఒక్క ఫోన్ కోసం పెద్ద గొడవ. మా వాడు "ఇంకొక్క లెవెల్" అంటాడు. మా అమ్మాయి "గంట నుంచీ ఇదే మాట" అంటుంది. హాల్లో చాప మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్న అత్తయ్యగారు, "ఆడపిల్లవి, నీకెందుకే ఆ ఆటలు? వాణ్ణి ఆడుకోనీ" అనేశారు. పిల్ల ఇంకేం మాట్లాడలేదు. వెళ్ళి నానమ్మ పక్కన కూర్చుని తనూ తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

చూస్తుంటే నా గుండె కలుక్కుమంది. అలా నోరు మూసుకుని కూర్చోవడం నాకు బాగా తెలుసు.

నా చిన్నప్పుడు, అంటే 1995 ప్రాంతంలో, మా మార్టూరు బస్టాండు దగ్గర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. రేకుల గది, తలుపుకు ముదురు రంగు పరదా, లోపల నాలుగు టీవీలు. మిరప కల్లం దగ్గర తాలుకాయలు ఏరినందుకు నాన్న మాకు చెరొక రూపాయి ఇచ్చేవారు. తమ్ముడి రూపాయి నేరుగా ఆ షాపుకే వెళ్ళేది. వాడు తప్పిపోకుండా చూసుకునే పని నాది. వాడు లోపల, నేను బయట అరుగు మీద. పరదా కదిలినప్పుడల్లా తెర మీద పసుపుపచ్చ గుండ్రటి మూతి ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ చుక్కలు మింగుతూ కనిపించేది. లోపలికి రావద్దని ఆ షాపాయన ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. అక్కడికి ఆడపిల్లలు వెళ్ళరని నాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఆ పసుపు మూతి పేరు ప్యాక్‌మాన్ అని తర్వాతెప్పుడో తెలిసింది. మొన్నటి గొడవ తర్వాత దాని చరిత్ర వెతికి చదివాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కోపమూ వచ్చింది. ఎందుకంటే ఆ ఆటను తయారు చేసింది ఆడవాళ్ళను దృష్టిలో పెట్టుకునేనట!

జపాన్‌లో నామ్కో అనే కంపెనీలో తోరు ఇవాతాని అనే పాతికేళ్ళ కుర్రాడు 1980లో దాన్ని తయారు చేశాడు. అప్పట్లో గేమ్ సెంటర్లలో ఉన్నవన్నీ కాల్చడం, పేల్చడం ఆటలే. వెళ్ళేవాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళు కూడా వచ్చి సరదాగా ఆడుకునే ఆట ఏదైనా చేయాలనుకుని, తిండి చుట్టూ ఆట అల్లాడు. దయ్యాలకు కూడా ముద్దొచ్చే రంగులు వేశాడు. జపాన్ వాళ్ళకు "పాకు పాకు" అంటే నోరు ఆడిస్తూ తినే చప్పుడు. మనకేమో పకపకా అంటే నవ్వు. ఒక్కో మడతదారిలో 240 చిన్న చుక్కలు, నాలుగు పెద్ద చుక్కలు. పెద్ద చుక్క తింటే కాసేపు బలం వస్తుంది, అప్పటిదాకా తరిమిన దయ్యాలే పారిపోతాయి. ఈ ఆలోచన పాలకూర తిని బలం తెచ్చుకునే పొపాయ్ కార్టూన్ నుంచి వచ్చిందని ఇవాతానే చెప్పాడు. అంటే కార్టూన్‌లోంచి ఒక ఆట పుట్టింది. ఆ ఆటలోంచి మళ్ళీ కార్టూన్ పుట్టింది.

అదెలాగో చెప్తాను. ఆట అమెరికా వెళ్ళి విపరీతంగా ఆడేసరికి, టామ్ అండ్ జెర్రీ సృష్టించిన హన్నా, బార్బెరాల కంపెనీయే దాన్ని కార్టూన్‌గా తీసింది. 1982 సెప్టెంబర్ 25న, శనివారం పొద్దున్న, ఏబీసీ చానల్లో మొదలైంది. వీడియో గేమ్ ఆధారంగా వచ్చిన మొట్టమొదటి టీవీ కార్టూన్ అదే. సరిగ్గా అప్పుడే మన దేశంలో ఏషియాడ్ ఆటల పుణ్యమా అని టీవీకి రంగులొస్తున్నాయి. మా మార్టూరులో ఇంకా రేడియోనే రాజు.

ఈ మధ్య యూట్యూబ్‌లో ఆ కార్టూన్ కొన్ని భాగాలు చూశాను. ఆటలో ఒంటరిగా తిరిగిన ప్యాక్‌మాన్‌కు కార్టూన్‌లో సంసారం పెట్టేశారు. భార్య పెప్పర్, ఒక పసిబిడ్డ, కుక్క, పిల్లి. తరిమే దయ్యాలు ఐదు, అందులో స్యూ అనే ఆడదయ్యం ఒకటి. షాపుల్లో నాణెం వేసి ఆడే ఆటకు కథ లేదు, ఇల్లు లేదు. ఇంటి హాల్లోకి రావాలంటే దానికీ ఒక ఇల్లు, ఇల్లాలు కావాల్సి వచ్చాయన్నమాట!

అది బాగా ఆడటంతో మిగతా చానళ్ళూ ఊరుకోలేదు. 1983లో సీబీఎస్ వాళ్ళు "సాటర్డే సూపర్‌కేడ్" పేరుతో డాంకీ కాంగ్, ఫ్రాగర్, క్యూబర్ట్ లాంటి ఆటలను ఒకే కార్యక్రమంలో కలిపి వేశారు. మన పిల్లలందరికీ తెలిసిన మారియో టీవీ కార్టూన్‌లో కనిపించింది అందులోనే మొదట. 1984లో కార్ల పందెం ఆట పోల్ పొజిషన్ వచ్చింది. డ్రాగన్స్ లేర్ కూడా ఆ ఏడే. ఇందులో ఒక చమత్కారం ఉంది. ప్రకటనలకు ముందు వీరుణ్ణి ప్రమాదంలో పెట్టి "ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు?" అని పిల్లల్ని అడిగేవారు. పిల్లలు కదిలితే ఒట్టు! ప్రకటనలన్నీ చూడాల్సిందే.

ఇక్కడే నాకు అసలు సంగతి దొరికింది. షాపులో ఆట అయితే రూపాయి అయిపోగానే బయటికొచ్చేస్తాం. ఇంట్లో టీవీ అయితే రూపాయి అడగదు. కానీ కార్టూన్ అయ్యేసరికి ఆ బొమ్మ, ఆ చొక్కా, ఆ ఆట కావాలని పిల్లలే అడుగుతారు. డబ్బు అడిగేది టీవీ కాదు, మన బిడ్డ. అప్పుడు కాదనేది, బిడ్డతో మాటలు పడేది ఎవరు? ఇంట్లో ఉన్న అమ్మే.

ఈ మాట గట్టిగా అడిగింది కూడా ఒక అమ్మే. అమెరికాలో మసాచుసెట్స్‌లోని న్యూటన్ ఊళ్ళో పెగ్గీ చారెన్ అనే ఇద్దరు ఆడపిల్లల తల్లి, 1968లో తోటి తల్లుల్ని తన ఇంటి హాల్లోనే కూర్చోబెట్టి ఒక సంఘం పెట్టింది. కార్టూన్లు ఆపేయమని ఆమె అడగలేదు. నిషేధాలంటే ఆమెకు అసలు గిట్టదు. పిల్లలకు మంచి కార్యక్రమాలు ఇంకా వేయండి, వాళ్ళకు సరుకులు అమ్మడం మాత్రం తగ్గించండి అంది. 1984లో ప్రభుత్వ కమిషన్ ప్రకటనల మీద ఉన్న హద్దులన్నీ ఎత్తేసింది. ఆమె మాత్రం వదల్లేదు. చివరికి 1990లో పిల్లల టీవీ చట్టం వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలు సెలవురోజుల్లో గంటకు పదిన్నర నిమిషాలు, మామూలు రోజుల్లో 12 నిమిషాలు దాటకూడదని రాశారు. ఇరవై రెండేళ్ళ ఓపిక అండీ! మనం పిల్లాడు ఫోన్ పక్కన పెట్టేదాకా ఇరవై రెండు నిమిషాలు ఓపిక పట్టలేం.

మన దగ్గర ఈ కథ తిరగబడి నడిచింది. మన హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ వాళ్ళు తయారు చేసిన ఛోటా భీమ్ 2008లో పోగో చానల్లో వచ్చింది. ముందు కార్టూన్, ఆ తర్వాత బొమ్మలు, స్కూలు సంచులు, నీళ్ళ సీసాలు, ఆపైన ఫోన్లో ఆటలు. ప్యాక్‌మాన్‌కు పెద్ద చుక్క, పొపాయ్‌కు పాలకూర, మన భీమ్‌కు లడ్డు. తినగానే బలం! అన్నట్టు ఆ లడ్డూలు చేసేది ఎవరు? టున్‌టున్ మౌసి. పిండి కలిపేది ఆవిడ, గెలిచేది భీమ్. ఏ దేశం కథైనా వంటింటి సంగతి ఇంతే కాబోలు.

ఇదంతా చదివాక ఆ అరుగు మీద కూర్చున్న పదకొండేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. ఎక్కడో జపాన్‌లో ఒకాయన ఆడవాళ్ళు లోపలికి రావాలని ఆట చేస్తే, అది సముద్రాలు దాటి మార్టూరు బస్టాండు దాకా వచ్చింది. వచ్చి, నాకు ఒక్క పరదా దూరంలో ఆగిపోయింది. ఆ పరదా ఆట చేసినవాడు కట్టింది కాదు, మనం కట్టుకున్నది. ఇప్పుడు ఆట ఇంట్లోకే వచ్చింది. ఇంట్లో పరదా కట్టినా, తీసినా మన చేతుల్లోనే ఉంది. నా కూతురికి నేనే కట్టనా?

అందుకే మా ఇంట్లో కొత్త నియమం పెట్టాను. సెలవురోజు చెరొక అరగంట, గడియారం పెట్టి మరీ. ఒక వారం అమ్మాయి ముందు, ఒక వారం అబ్బాయి ముందు. తొడిమలు తీయాల్సి వస్తే ఇద్దరూ తీయాలి. ఏదైనా కొనమని అడిగేముందు "ఇది నీకు కావాలా, వాళ్ళు కావాలనిపించారా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. మా వాడు మొదటిరోజు గునిశాడు. రెండోవారానికి అలవాటు పడ్డాడు. నియమం విని అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు, మిరపకాయల చాట కాస్త పక్కకు జరుపుకున్నారు, అంతే.

నిన్న మా అమ్మాయి వంతు. ప్యాక్‌మాన్ ఆటే పెట్టించుకుంది. కాసేపటికి అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని ఫోన్లోకి తొంగి చూశారు.

"ఆ పసుపుది ఏం తింటోందే?"

"చుక్కలు, నానమ్మా."

"వట్టి చుక్కలేనా? పాపం. ఏదీ, ఇటివ్వు, ఎలా ఆడాలో చూపించు."

నేను వంటింట్లోంచి చూస్తూ నిలబడిపోయాను. పాలు పొంగిపోయాయి. పోనిద్దురూ.