తాటిచెట్టు కింద పాలు

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. తాగినవాణ్ణి అడిగేవారుండరు, చెట్టును చూసి తీర్పు చెప్పేస్తారు. ఇలా అనుకోవడాన్ని మనం అనుమానం అంటాం. తర్కశాస్త్రంలో ఈ మాటకు గౌరవం ఎక్కువ. అక్కడ అనుమానం ఒక ప్రమాణం: కొండమీద పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడం. అయితే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని ముందు స్థిరపడాలి. తెలుగు వాడుకలో మాట మిగిలింది, ఆ షరతు జారిపోయింది.

షరతు జారితే ఏమవుతుందో ధర్మశాస్త్రకారులకు తెలుసు. చేతిలో కొరివి ఉంటే ఇల్లు తగలబెట్టినవాడనీ, కత్తి ఉంటే హంతకుడనీ గుర్తించవచ్చంటుంది నారదస్మృతి. దొంగ కాకపోయినా దొంగ అనిపించుకున్న మాండవ్య మునిని గుర్తుచేసేదీ ఆ స్మృతే. మహాభారత ఆదిపర్వం చదివినవారికి ఆ కథ తెలుసు. దొంగలు దోచిన సొత్తును ముని ఆశ్రమంలో దాచి, తామూ అక్కడే నక్కారు. మౌనవ్రతంలో ఉన్న ముని భటులకు బదులు చెప్పలేదు. సొత్తు దొరికింది. మునిని కొరత వేశారు.

1872 నాటి భారత సాక్ష్యాధారాల చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఈ అనుకోవడాన్ని మూడు మెట్లుగా విడగొట్టాడు: కోర్టు భావించవచ్చు; తప్పని రుజువయ్యేదాకా భావించి తీరాలి; ఇక ఎదురుసాక్ష్యానికే తావు లేదు. అదే చట్టం ప్రకారం, ఏడేళ్లుగా అయినవారికి జాడ తెలియని మనిషి బతికే ఉన్నాడంటే, అన్నవాడే రుజువు చూపాలి. 114వ సెక్షన్ మాత్రం మాండవ్యుడి ఆశ్రమానికే తీసుకెళ్తుంది. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ సొత్తు ఒకడి దగ్గర దొరికి, ఎలా వచ్చిందో చెప్పలేకపోతే, అతను దొంగ అనో, తెలిసే పుచ్చుకున్నాడనో కోర్టు భావించవచ్చు. వెంటనే చట్టం ఒక కొట్టువాణ్ణి చూపిస్తుంది. దొంగిలించిన, గుర్తుపెట్టిన రూపాయి అతని గల్లాపెట్టెలో దొరికింది. ఎవరిచ్చారో చెప్పలేడు, కానీ రోజంతా రూపాయలు పుచ్చుకోవడమే అతని వ్యాపారం. అదీ చూడమంటుంది. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే.

కోర్టులూ తాటిచెట్టును చూసి పొరబడ్డాయి. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక కేసులో, పెనుగులాట గుర్తులు లేవు కనుక ఆమె ఒప్పుకున్నట్టేనని 1978లో సుప్రీంకోర్టు కానిస్టేబుళ్లను విడిచిపెట్టింది. అది ఘోరమైన తప్పు. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, మహిళాసంఘాలు వీధికెక్కాయి. 1983లో అదే చట్టంలోకి 114-ఎ సెక్షన్ వచ్చింది: కస్టడీలో జరిగిన అత్యాచారం కేసులో లైంగిక చర్య రుజువై, సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే భావించాలి.

2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చి, పాత 114 కాస్తా 119 అయింది. ‘భావించవచ్చు’ అన్న మాటా, కొట్టువాడి రూపాయీ అందులో అలాగే ఉన్నాయి.