సిలిండర్‌లో 14 కిలోలు, గాలిలో 42

వంటింటి సిలిండర్‌లో ఉండే గ్యాస్ 14.2 కిలోలు. అది అయిపోయేసరికి గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 42 కిలోలు. మొదటిసారి విన్నవాళ్లు లెక్క తప్పిందంటారు. తప్పలేదు. మండేటప్పుడు గ్యాస్‌లోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. 12 పాళ్ల కర్బనం 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ముప్పావు కిలో తూగే లీటరు పెట్రోలు 2.3 కిలోలు వదిలేదీ ఇందుకే. మా చిన్నప్పటి సైన్సు పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్ పేరు బొగ్గుపులుసు వాయువు. ఎంచక్కని మాట, ఎందుకు వదిలేశామో!

గ్యాసు, కరెంటు, పెట్రోలు, విమానం, తిండి, బట్టలు అన్నీ కూడి మనిషి పద్దులో ఏడాదికి ఇన్ని టన్నులని వేసే లెక్కకు కర్బన పాదముద్ర అని పేరు. తెలుగులో పెద్దల అడుగుజాడలంటే నడవదగ్గవి. ఈ అడుగుజాడ మాత్రం చెరుపుకోవలసింది. పొగ లెక్కలోకి పాదం ఎలా వచ్చిందన్నదే అసలు కథ.

1990ల మొదట్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్ అనే ఆచార్యుడు ఒక ప్రశ్న పట్టుకున్నారు. ఒక నగరం తినే తిండికి, వాడే కలపకు, వదిలే పొగకు మొత్తం ఎంత నేల కావాలి? ఊరి పొలిమేరల్లో ఉన్నది కాదు, ఎక్కడెక్కడి పొలాలూ అడవులూ కలిపి. ఈ కొలతకు మొదట ఆయన పెట్టుకున్న పేరు నోరు తిరగనిది. ఒకరోజు కంప్యూటర్ టెక్నీషియన్ ఆయన కొత్త యంత్రాన్ని మెచ్చుకుంటూ బల్లమీద దాని ‘ఫుట్‌ప్రింట్’ చిన్నదన్నాడు, అంటే తక్కువ చోటు పడుతుందని. వెతుకుతున్న మాట దొరికింది. 1992లో రీస్ వ్యాసం, 1996లో శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్‌తో కలిసి పుస్తకం వచ్చాయి. అప్పటికి కొలత హెక్టార్లలోనే. పొగను కూడా, దాన్ని పీల్చుకోవడానికి ఎంత అడవి కావాలన్న లెక్కనే కట్టేవారు.

ఆ కర్బనం వాటా విడిపడి టన్నుల్లోకి మారాక, దాన్ని ఇంటింటికీ చేర్చింది ఒక చమురు కంపెనీ. బీపీ 2000లో పచ్చని పువ్వు గుర్తు పెట్టుకుని, పెట్రోలియాన్ని దాటి వెళ్తున్నామని చాటుకుంది. 2004లో ఎవరి పాదముద్ర వాళ్లే లెక్కేసుకునే కాలిక్యులేటర్‌ను వెబ్‌సైట్‌లో పెట్టింది. మరుసటేడు ఆ పాదముద్ర ఏమిటో మీకు తెలుసా అంటూ ప్రకటనలు గుప్పించింది. మాటను పుట్టించింది బీపీ కాదు, టముకు వేసింది మాత్రం బీపీయే. 2007కల్లా బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువాళ్లు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచారు. కల్లు దుకాణంవాడు తాగడానికి వచ్చినవాడి చేతికే పద్దుల పుస్తకం ఇచ్చినట్టుంది.

అలాగని పద్దు అబద్ధం కాదు. ఇంట్లోనే వేసి చూడొచ్చు. కరెంటు బిల్లులోని యూనిట్లను 0.7తో హెచ్చవేస్తే దాదాపు కిలోలు వస్తాయి. మన గ్రిడ్‌లో బొగ్గు వాటా అలాంటిది. ఇంట్లో నలుగురుంటే నాలుగుతో భాగించాలి. భారతీయుడి సగటు కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు 2 టన్నులు. హైదరాబాదు నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి ఒక్కసారి వెళ్లొస్తే ఇంచుమించు అంతా అయిపోతుంది. శాకాహారులమని గర్వపడేవాళ్లకూ సున్నా రాదు. నీళ్లు నిలిచిన వరిమడి మీథేన్ వదులుతుంది. నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుంది.

ఎంత తగ్గించుకున్నా ఈ లెక్క ఎక్కడ ఆగుతుందో 2008 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు తేల్చి చూశారు. అక్కడ ఇల్లూ కారూ లేక, ఉచిత భోజనం తిని, ఆశ్రయాల్లో పడుకునే మనిషికి ఎన్ని టన్నులు? 8.5 వచ్చాయి. రోడ్లు, న్యాయస్థానాలు, సైన్యం నడవడానికయ్యే పొగను తలా ఇంత పంచితే అతని పేర పడిన వాటా కూడా అందులో ఉంది.