భూతాలు పట్టెటోని కూలి

దగ్గరికి జరుగుండ్రి, పొగ అటు దిక్కు పోతుంది. ఫోన్లు జేబుల పెట్టుండ్రి. మీరు ముగ్గురు తలలు దూర్చి చూసిన ఆ బొమ్మల సినిమా, 'ది విచర్: నైట్‌మేర్ ఆఫ్ ద వుల్ఫ్', మీ ఎనక కూసొని నేనూ చూసిన. "తాతా, ఇది సీరియల్‌కు ముందటి కథ" అని నాకే చెప్పవడ్తిరి. ముందటి కథలు చెప్పుడు నా పనిరా! దానిక్కూడ ముందటిది ఒకటున్నది, ఇనుండ్రి.

పోలండు దేశంల క్రాకోవు అని పట్నం. మీ పెద్దన్న ఆ దేశంలనే సదువుతుండు కద, మొన్న వీడియోల నది ఒడ్డు చూపెట్టిండు. కోటగుట్ట కింద డ్రాగన్ బొమ్మ ఒకటి ఉన్నది, కాసేపటికోసారి నోట్లకెల్లి నిజంగనే మంట కక్కుతది. ఎనకట ఆ గుట్ట కింది గుహల అసువంటిదే ఒకటి ఉండి పశువులను మింగేదట. రాజు ఎంతమంది వీరులను తోలినా ఒక్కడు తిరిగి రాలే. ఆఖరికి ఒక చెప్పులు కుట్టెటాయన గొర్రె తోలు నిండ గంధకం కూరి గుహ ముందట పెట్టిండు. అది గుటుక్కున మింగింది. కడుపుల మంట లేచి, విస్తులా నది నీళ్లు తాగీ తాగీ పలిగి సచ్చింది. రాజు తన బిడ్డనిచ్చి ఆయనకు పెండ్లి చేసిండు.

అందరు ఇని సంబురపడే కథ. ఆంద్రెయ్ సప్కోవ్‌స్కి అని ఒకాయనకు మాత్రం సంబురం కాలే. చెప్పులు కుట్టెటోడు చెప్పులు మంచిగ కుడ్తడు గని భూతాలను సంపుడు వానికెట్ల వస్తది? గా పనికి గా పని నేర్చినోడే కావాలె అన్నడు. పని నేర్చినోడు ఊకె చేస్తడా? బేరమాడి కూలి తీసుకుంటడు.

1948ల పుట్టినాయన. విదేశీ వ్యాపారం చేసే కంపెనీల నౌకరి, బేరాలు బాగెరుకైన మనిషి. 'ఫాంటాస్టికా' అనే పత్రిక కథల పోటీ పెట్టింది. కొడుకు ఆ పత్రిక ఇడువకుంట సదివేటోడు, ఆ పిలగాని కోసమే కథ రాసిండు. 1986 డిసెంబరుల అచ్చయింది. బహుమతి మూడోది వచ్చింది. మొదటి రెండు ఎవరికొచ్చినయో ఇప్పుడెవరు అడుగుతలేరు.

ఆ కథల ఒక రాజు. ఆయన చేసిన పాపానికి బిడ్డ సచ్చి పుట్టింది. ఏడేండ్లకు శవపేటికల్నే లేచి, రాత్రయితె మనుషులను చీరవట్టింది. శాపం తీసినోనికి మూడు వేల నాణేలు ఇస్తనని రాజు చాటిచ్చిండు. అప్పుడొచ్చిండు గెరాల్ట్ అనే విచర్, భూతాలను సంపుడు నేర్చినోడు. వచ్చి ముందుగాల ఏం చేసిండు? కత్తి దూసిండా? లే. ఎంతిస్తరు, ఏమేం షరతులున్నయి అని మాట్లాడుకున్నడు. మన విక్రమార్కుడు శవాన్ని భుజానేసుకొని అన్ని మాట్ల నడిచినా ఒక్క పైస అడగలే, రాజు కద మరి! ఈయనకు ఇదే బతుకుదెరువు. రాత్రంత కొట్లాడి కొట్లాడి, తెల్లారవట్టంగ తానే పోయి ఆ పిల్ల పేటికల పండి మూత పెట్టుకున్నడు. ఇంక అదెక్కడ పంటది? పొద్దు పొడిచింది, శాపం తెగింది. గీ ఉపాయం చదివినప్పుడు నాకు చెప్పులాయన గొర్రె తోలే యాదికొచ్చింది. ఎంత కాదన్నా పాత కథల రక్తం ఎటు పోతది!

బేరం ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్త. సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ ఈ కథలతోని గేము చేస్తమని వస్తె, లాభంల వాటా వద్దు, ఒక్కసారే పైసలియ్యుండ్రి అన్నడట సప్కోవ్‌స్కి. మొదటి గేము 2007ల వచ్చింది. 2015ల వచ్చిన మూడోది అయిదు కోట్ల కంటె ఎక్కువ అమ్ముడుపోయింది. 2018ల ఆయన ఇంక ఆరు కోట్ల జ్లోటీలు రావాలె అని కాయితం పంపిండు, మరుసటేడు డిసెంబరుల రాజీ అయిండ్రు. గెరాల్ట్‌కు బేరం నేర్పినాయన తన బేరం గట్ల చేసుకున్నడు.

ఇగ మీ సినిమా. బొమ్మలు గీసింది కొరియాల స్టూడియో మీర్ వాండ్లు. 2021 ఆగస్టుల వచ్చింది. దాంట్ల వెసెమీర్ ఒక దొర ఇంట్ల జీతమున్న పోరడు. ఆ ఇంట్ల భూతాన్ని తీయనీకి డెగ్లాన్ అనే విచర్ వచ్చిండు, పని చేసిండు, పైసలు తీసుకున్నడు. ఆ పైసలు చూసి వీనికి మనసు పుట్టింది. తోటి జీతగత్తె ఇల్యానాను ఇడిసిపెట్టి విచర్లుండే కెయిర్ మోర్హెన్ కోటకు పోయిండు. ఆడ విచర్లను చేయనీకి పోరగాండ్లకు మందులు తాగిపిస్తరు, తట్టుకున్నోళ్లు కొందరే. తట్టుకున్నోళ్లకు ముసలితనం తొందరగ రాదు.

అందుకే డెబ్బై ఏండ్లయినా వాడు పడుచోడే, ఇల్యానా తల నెరిసిన దొరసాని. మళ్ల కలిసినప్పుడు ఆమె వాన్ని చూసిన చూపు ఉన్నది చూడుండ్రి, మీరు కత్తుల కొట్లాట కోసం దాన్ని జరిపి ముందటికి పోయిండ్రు. నాకు సినిమా అంతట్ల అదే నచ్చింది. ఆమె కోపానికి రాలే, రాజు కొలువుల విచర్ల పక్షం మాట్లాడింది.

అసలు కిటుకు డెగ్లాన్ కాడున్నది. అడవిల భూతాలు తగ్గినయి. భూతం లేకుంటె పని లేదు, పని లేకుంటె కూలి లేదు. మరేం చేసిండు? చాటుంగ కొత్త భూతాలను పుట్టిచ్చిండు! మన దిక్కు ఇంగ్లీషోళ్ల దినాలల్ల పులిని కొడితె సర్కారు ఇనాం ఇచ్చేది. 1972ల చట్టమొచ్చి ఏట బందయ్యింది, నేనెరిగిన శికారోళ్లు ఎవుసం చేసుకున్నరు. పులిని పుట్టిచ్చినోడైతె ఎవడు లేడు.

"ఆ మంత్రగత్తె టెట్రాది తప్పు కాదా తాతా" అంటవా? తప్పే బిడ్డా. ఆమె పగతోని కోట మీదికి జనాన్ని తోలుకొచ్చింది. గని భూతాలను విచర్లే పుట్టిస్తుండ్రని ఆమె చెప్పిన మాట అబద్ధమా? కాదు. నిజం మాట పట్టుకొనొచ్చి పోరగాండ్లున్న ఇంటికి అగ్గి పెట్టింది. డెగ్లాన్ పాయె, దోస్తులు పాయె, ఇల్యానా గూడ పాయె. వెసెమీర్‌కు మిగిలింది గుండు గీసిన నలుగురైదుగురు పిలగాండ్లు. అందుల ఒకడే గెరాల్ట్.

సీరియల్ రెండో భాగంల ఆ కోటల కనవడే ముసలాయన ఈ వెసెమీరే. మీకెట్లైనా మళ్ల చూసుడు తప్పదు. ఈసారి చూసేటప్పుడు, ఆయన నోట పైసల మాట ఎప్పుడన్న వస్తదేమో కనిపెట్టి నాకు చెప్పుండ్రి. ఆ చిన్న తెర మీద నాకు అక్షరాలు ఆనుతలేవు.